ఇంటెల్ మామూలు డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కోర్లు (విడివిడిగా పని చేయగల లెక్కింపు భాగాలు) ఏళ్ల తరబడి నాలుగు దగ్గరే ఆగి, 2017లో ఒక్కసారిగా ఎందుకు పెరిగాయి?

ప్రధానంగా పోటీ వల్ల: ప్రాసెసర్ల తయారీలో చాలాకాలం ఇంటెల్‌కు ఎదురు లేదు, 2017 మార్చిలో ప్రత్యర్థి సంస్థ ఏఎండీ తన రైజెన్ ప్రాసెసర్లతో ఎదురొచ్చింది. ఇంటెల్ ప్రాసెసర్లయిన 2011 నాటి ఐ7-2600కే, 2017 జనవరి నాటి ఐ7-7700కే రెండింటిలోనూ ఉన్నవి నాలుగు కోర్లే. చేతకాక కాదు; ఎనిమిది కోర్ల ఐ7-6900కేను ఇంటెల్ అప్పటికే అమ్ముతోంది, కాకపోతే ధర వెయ్యి డాలర్ల పైమాటే. ఏఎండీ అన్నే కోర్లున్న రైజెన్ 7 1800ఎక్స్‌ను 499 డాలర్లకు దించింది. అదే ఏడాది అక్టోబరులో ఇంటెల్ ఐ7-8700కేలో ఆరు కోర్లు ఇచ్చింది. దానికోసం ప్రాసెసర్‌ను అమర్చే మదర్‌బోర్డు కూడా మార్చాల్సి రావడం మాత్రం అన్యాయమే.

కోర్లు రెట్టింపైతే వేగమూ రెట్టింపవుతుందనుకోవడం పొరపాటు. వీడియో ఎన్‌కోడింగ్ లాంటి పనిని ముక్కలు చేసి కోర్లన్నిటికీ పంచవచ్చు. గేముల్లో భారం ఎక్కువగా కొన్ని కోర్ల మీదే పడేది. అందుకే అప్పట్లో చాలా గేముల్లో, ఒక్కో కోరు వేగం ఎక్కువున్న నాలుగు కోర్ల 7700కేనే 1800ఎక్స్ కన్నా ముందుండేది.