బ్రోషరు పక్కన పెట్టి, మంజూరైన ప్లాను షీటు అడగండి

బెంగళూరులో సర్జాపుర రోడ్డు పక్కన మూడు టవర్ల ప్రాజెక్టులో ఫ్లాటు చూస్తున్నామని, సేల్స్ అబ్బాయి వాట్సాప్‌లో ఒకే ఒక్క పేజీ పంపి "ప్లాన్ అప్రూవ్డ్ సార్, బ్యాంకు కూడా లోన్‌కి ఓకే చేసింది" అన్నాడు, కొనడానికి ఈ కాగితం సరిపోతుందా అని మీరు అడిగారు. చాలదండీ. ఆ పేజీ మంజూరు పత్రంలో మొదటి పేజీ అయ్యుంటుంది. దాని వెనక ముప్పైకి పైగా షరతులు, దాంతోపాటు బల్లంత వెడల్పు డ్రాయింగు షీట్లు ఉంటాయి. అసలు సంగతంతా వాటిలోనే ఉంటుంది. నేను వాటిని మూడేళ్లు బీరువాలో పెట్టుకుని కూడా విప్పి చూడలేదు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మాది మహదేవపుర వైపు, ఆరెకరాల స్థలంలో కట్టిన ప్రాజెక్టు. 2016లో బుక్ చేశాం. బ్రోషరులో వెనకవైపు దాదాపు ఎకరం తోట, నడక దారి, పిల్లల ఆటస్థలం. ఆ తోట కనిపించే బాల్కనీ కావాలని మా ఆవిడ ఏడో అంతస్తు ఎంచుకుంది. దానికి ‘గార్డెన్ ఫేసింగ్’ అని చదరపు అడుగుకి నూట యాభై రూపాయలు ఎక్కువ కట్టాం.

2019లో గృహప్రవేశానికి హిందూపురం నుంచి మా మేనమామ వచ్చాడు. సర్వేయరుగా చేసి రిటైరైన మనిషి. వ్రతం అయిపోయింది, వంటవాళ్లు ఇంకా విస్తళ్లు వెయ్యలేదు. ఊరికే కూర్చోలేక "ప్లానుందా, చూద్దాం" అన్నాడు. తీసిస్తే హాల్లో నేల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు ఇత్తడి చెంబులు పెట్టాడు. కాసేపు చూసి, "ఏం రా, ఈ మూల గళ్లగీతలేంది?" అన్నాడు. తోట మామా అన్నాను. "తోటే గానీ, ఎవురిదని?" అన్నాడు.

షీటు కుడివైపున విస్తీర్ణాల పట్టిక ఉంటుంది. మొత్తం స్థలం ఎంత, దాంట్లో పార్కుకి ఎంత, పౌర సదుపాయాలకి ఎంత, రోడ్డు వెడల్పుకి ఎంత పోయింది, మిగిలిందెంత అని వరసగా రాసి ఉంటాయి. పౌర సదుపాయాలని ఇక్కడ అందరూ సీఏ అంటారు. బడి, ఆస్పత్రి, వాటర్ ట్యాంకు లాంటి వాటికి వదిలే జాగా. మా స్థలం 20,000 చదరపు మీటర్లు దాటింది కాబట్టి పార్కుకి 10 శాతం, సీఏకి 5 శాతం వదలాలని షరతు పడింది. వదలడమంటే ఖాళీగా ఉంచడం కాదు, ప్రభుత్వానికి ఉచితంగా రాసిచ్చేయడం. రిలింక్విష్‌మెంట్ డీడ్ అంటారు దాన్ని. ఆరెకరాలంటే 240 గుంటలు. పార్కుకి 24, సీఏకి 12, వెరసి 36 గుంటలు. మన లెక్కలో 90 సెంట్లు. మా బ్రోషరులోని ఎకరం తోట అదే.

మరుసటి వారం కర్ణాటక రిజిస్ట్రేషన్ శాఖ కావేరి వెబ్‌సైటులో ఈసీ, అంటే ఆ స్థలం మీద రిజిస్టరైన పత్రాల జాబితా, తీశాను. ఆ రిలింక్విష్‌మెంట్ డీడ్ మా అగ్రిమెంటు కంటే పదకొండు నెలల ముందే రిజిస్టరై ఉంది. అంటే మాకు తోట చూపించి డబ్బు తీసుకునేనాటికి ఆ తోట బిల్డరుది కాదు. ఇంకో రెండేళ్లకి ప్రభుత్వ స్థలమని బోర్డు పడింది, ఆ తర్వాత కంచె. ఇక్కడ మునిసిపాలిటీ వాళ్లను తిట్టడానికి నాకు నోరు రాలేదు. వాళ్లు ఆమోదించిన షీటులో ఉన్నది ఉన్నట్టే గీసి ఉంది. మేమే చూడలేదు.

దీనికి ఇంకో కొస ఉంది, అది చాలామందికి తట్టదు. సేల్ డీడులో షెడ్యూల్ ఏ అని ఉంటుంది, మొత్తం స్థలం వివరం. మీకొచ్చే భూమి వాటా, అదే యూడీఎస్, దాంట్లోంచే లెక్క కడతారు. మా డీడులో షెడ్యూల్ ఏ 240 గుంటలనే ఉంది. 36 గుంటలు అప్పటికే పోయాయి, వాటా కట్టాల్సింది 204 మీద. కాగితం మీద అందరికీ వాటా ఎక్కువే కనిపిస్తుంది, నేల మీద అంత భూమి లేదు. సవరణ పత్రం రాయించుకోవడానికి మా అసోసియేషన్‌కి నాలుగేళ్లు పట్టింది. కాబట్టి ప్లాను షీటులోని నికర విస్తీర్ణం, మీ డ్రాఫ్టు డీడులోని షెడ్యూల్ ఏ పక్కపక్కన పెట్టుకోండి. రెండూ ఒకే అంకె చెప్పాలి. తేడా ఉంటే సంతకానికి ముందే అడగండి.

షీటు చదవడం మీరనుకున్నంత కష్టం కాదు. రంగులకి ఒక వాడుక ఉంది: స్థలం హద్దు దట్టమైన నలుపు, ఉన్న రోడ్డు ఆకుపచ్చ, కట్టబోయేది ఎరుపు, కూల్చేది పసుపు గళ్లగీతలు, మురుగు పైపులు ఎర్ర చుక్కలు. మీకు ఇచ్చే కాపీ నలుపు తెలుపు జిరాక్సైతే ఇదంతా పోతుంది, రంగుల స్కాన్ అడగండి. సంఖ్యలు చదవడానికి చిన్న ఏ3 ప్రింటు పనికిరాదు. ఎల్పీ నంబరు (మంజూరైన ప్లానుకి ఇచ్చే నంబరు), మంజూరు తేదీ, అధికారి సంతకం షీటు మీద కూడా ఉండాలి, మంజూరు ఉత్తరం మీద ఒక్కచోటే ఉంటే కుదరదు. ఉత్తరం ఒక ప్లానుది, చేతికిచ్చే షీటు ఇంకో ప్లానుది అయిన సందర్భం మా పక్క ప్రాజెక్టులోనే జరిగింది.

తర్వాత టేపు పట్టుకుని సైటుకి వెళ్లండి. ముందు రోడ్డు. ప్రాజెక్టుకి ఎంత ఎఫ్ఏఆర్ (స్థలం మీద మొత్తం ఎంత కట్టొచ్చన్న నిష్పత్తి) రావాలన్నది ఎదుటి రోడ్డు వెడల్పును బట్టి కూడా ఉంటుంది కాబట్టి షీటులో ఎంత వెడల్పు రాశారో అంత నేల మీద ఉందా చూడాలి. మాకు ప్లానులో 12 మీటర్లు రాశారు. ట్రాన్స్‌ఫార్మరు, టీకొట్టు, ఒక పక్క కూలిన కాంపౌండు గోడ పోగా మిగిలింది ఎంతో చెప్పను, రోజూ ఉదయం ఎనిమిదిన్నరకి స్కూలు బస్సు ఎదురైనప్పుడు నాకే తెలుసు. తర్వాత చుట్టూ వదిలిన ఖాళీ. బెంగళూరు 2015 మాస్టర్ ప్లాను నియమాల్లో భవనం ఎత్తు 11.5 మీటర్లు దాటితే నాలుగు వైపులా ఖాళీ వదలాలి. 15 మీటర్ల దాకా 5 మీటర్లు, అక్కణ్ణుంచి ఎత్తు పెరిగేకొద్దీ అదీ పెరుగుతుంది. ఆ ఖాళీ మొక్కల కోసం కాదు. ఫైరింజను తిరగడానికి. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం ఎత్తైన భవనాల చుట్టూ 6 మీటర్ల దారి, 45 టన్నుల బండి బరువు మోసేలా ఉండాలి. ఆ దారిలో పసుపు గీతలు గీసి విజిటర్స్ పార్కింగ్ అని అమ్మేశారా చూడండి. మంజూరు షరతుల్లో ఇన్ని కార్లకి పార్కింగు, దాన్ని ఇంకో పనికి వాడరాదు అని ఒక వాక్యం ఉంటుంది. ఆ సంఖ్యని ఫ్లాట్ల సంఖ్యతో పోల్చుకుంటే సగం విషయం తేలిపోతుంది.

సర్జాపుర రోడ్డు అన్నారు కాబట్టి ఒక మాట. ఆ రోడ్డంతా ఒకే పరిధి కాదు. సిటీ వైపు కొంత మేర కార్పొరేషన్‌లో ఉంటుంది, దూరం పోయేకొద్దీ ఆనేకల్ తాలూకా, పంచాయతీలు. అక్కడ ఆనేకల్ ప్లానింగ్ అథారిటీ మంజూరు ఉండాలి. పంచాయతీ ఇచ్చే ఈ-స్వత్తు ఫారం 9, 11 చూపించి ఇదే అప్రూవల్ అంటే నమ్మకండి, అవి ఆస్తి లెక్క కాగితాలు. బెంగళూరు పాత నగరపాలిక బీబీఎంపీ 2025 సెప్టెంబరులో అయిదు కార్పొరేషన్లుగా విడిపోయింది, పైన గ్రేటర్ బెంగళూరు అథారిటీ. మీ షీటు మీద బీబీఎంపీ ముద్ర ఉండి మంజూరు తేదీ ఆ తర్వాతిదైతే, ఎందుకని అడగండి. మంజూరు మామూలుగా రెండేళ్లకే చెల్లుతుందని, పునాది మట్టం దాకా వచ్చాక ఆపైన కట్టడానికి కమెన్స్‌మెంట్ సర్టిఫికెట్ విడిగా తీసుకోవాలని కూడా గుర్తుంచుకోండి. మీ టవరు ఎనిమిదో అంతస్తులో ఉండి ఆ సర్టిఫికెట్ లేదంటే, అక్కడే ఆగండి.

నీళ్ల దారి సంగతి తప్పించుకోకండి. కన్నడంలో రాజకాలువె అంటారు, మన రాజకాలువే. చెరువుకీ చెరువుకీ మధ్య వాన నీళ్లు పోయే దారి. 2016లో జాతీయ హరిత ట్రిబ్యునల్ బఫర్లు, అంటే చెరువులూ కాలువల పక్కన ఏమీ కట్టకుండా వదలాల్సిన దూరాలు, బాగా పెంచింది, 2019 మార్చిలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసి మళ్లీ మాస్టర్ ప్లాను లెక్కకే తెచ్చింది: చెరువుకి 30 మీటర్లు, పెద్ద కాలువకి మధ్య నుంచి 50, రెండో రకానికి 25, మూడో రకానికి 15. మీ ప్రాజెక్టుకి ఏ లెక్క అన్నది మంజూరు తేదీని బట్టి. దిశాంక్ అని ప్రభుత్వ యాప్ ఉంది. మీరు నిలబడ్డ చోటి సర్వే నంబరు చూపిస్తుంది, పాత గ్రామ పటం మీద కాలువ గీత కూడా కనిపిస్తుంది. మా మామ దాన్ని చూసి చిన్నపిల్లాడిలా సంబరపడి ఒక సాయంత్రమంతా మా చుట్టుపక్కల అపార్టుమెంట్ల జాతకాలు చెప్పాడు. 2022 సెప్టెంబరు వానలకి సర్జాపుర రోడ్డు పక్కన ఖరీదైన లేఔట్లలోంచి జనాన్ని ట్రాక్టర్ల మీద బయటికి తెచ్చారు కదా. ఆ నీళ్లకి పాత దారి తెలుసు. పహణీలో బి ఖరాబు అని ఉంటే అది ప్రభుత్వ భూమి, బిల్డరు అమ్మలేడు. ఆ పదం కనిపిస్తే లాయరుకి చూపించండి.

సవరించిన ప్లాను. మా దగ్గర రెండో గొడవ ఇదే. 2018లో ఒక అంతస్తు పెంచి, క్లబ్‌హౌస్ చోటు మార్చి, కొత్త ప్లాను మంజూరు చేయించుకున్నారు. మాకెవరికీ చెప్పలేదు. నిలదీస్తే అగ్రిమెంటులో ఒక పేరా చూపించారు: ‘ప్లానులో మార్పులకు కొనుగోలుదారు ఇప్పుడే అంగీకరిస్తున్నారు’. రెరా, అంటే రియల్ ఎస్టేటు నియంత్రణ చట్టం, 14వ సెక్షన్ ప్రకారం మంజూరైన ప్లాను మార్చాలంటే కొన్నవాళ్లలో మూడింట రెండు వంతుల మంది ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి, బిల్డరు తన పేరున ఉంచుకున్న ఫ్లాట్లు ఆ లెక్కలోకి రావు. ఇలాంటి ముందస్తు అంగీకారం పేరా మీ అగ్రిమెంటులో ఉంటే కొట్టేయించండి. కుదరదంటే కనీసం ‘ఫలానా తేదీ, ఫలానా ఎల్పీ నంబరు ప్లాను’ అని పేరు పెట్టి రాయించి, ఆ షీటుని అగ్రిమెంటుకి జత చేయించండి. మేము అది చేసుంటే రెరా దగ్గర మాట్లాడేటప్పుడు చేతిలో ఏదో ఉండేది.

ఓసీ, అంటే కట్టడం పూర్తయ్యాక కాపురానికి ఇచ్చే ఆక్యుపేషన్ సర్టిఫికెట్, గురించి మీరు అడగలేదు గానీ చెప్తాను. ‘ముందు చేరిపోండి, ఓసీ వస్తుంది’ అనే పాట ఇక చెల్లదు. 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో కంప్లీషన్ లేదా ఆక్యుపేషన్ సర్టిఫికెట్ చూశాకే కరెంటు, నీళ్లు, మురుగు కనెక్షన్లు ఇవ్వాలని చెప్పింది. కట్టింది ప్లానుకి తేడాగా ఉంటే ఓసీ ఆగుతుంది. అక్రమ సక్రమ అని ఒక స్కీము ఉంది కదా, క్రమబద్ధం చేసుకోవచ్చు అంటారు. దాని మీద 2017 జనవరిలోనే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. ఆ పేరు ఎత్తిన ఏజెంటుతో అక్కడితో మాట ఆపేయొచ్చు.

ఇక బ్యాంకు. బ్యాంకు లాయరు చూసేది తన అప్పు తిరిగొస్తుందా అని. వెనక తోట మీకు మిగులుతుందా, పిల్లలు ఎక్కడ ఆడుకుంటారు అన్నది ఆయన ఫైలులో ఉండదు. మాకు అప్పిచ్చిన బ్యాంకు దగ్గర ఆ రిలింక్విష్‌మెంట్ డీడ్ కాపీ మొదటి రోజు నుంచీ ఉందని తర్వాత తెలిసింది. అడిగితే, మీరు అడగలేదు కదా అన్నారు.

ఈ శనివారమే సేల్స్ ఆఫీసుకి వెళ్లి మంజూరు ఉత్తరం అన్ని పేజీలూ, షరతులతో సహా, సైటు ప్లాను రంగుల షీటు, సవరణలుంటే అవీ, కమెన్స్‌మెంట్ సర్టిఫికెట్టు, రిలింక్విష్‌మెంట్ డీడు అడగండి. కర్ణాటక రెరా వెబ్‌సైటులో ప్రాజెక్టు పేజీ తెరిచి అక్కడ ఎక్కించిన షీటుతో కలిపి చూడండి. ఇవ్వడానికి నసిగితే, మంజూరైన ప్లాన్లు పొందే హక్కు కొనేవాడికి రెరా 19వ సెక్షన్ ఇచ్చిందని ఈమెయిల్లో రాయండి, నోటితో కాదు. అదీ కాకపోతే పది రూపాయల పోస్టల్ ఆర్డరుతో ఆర్టీఐ పెట్టండి. నాకు ఇరవై ఆరు రోజులకి జవాబొచ్చింది. ఈలోగా ‘ఈ ఆదివారం దాకే ఈ రేటు’ అంటారు. అగ్రిమెంటు రిజిస్టరు కాకుండా 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోవడానికి వాళ్లకి చట్టం ఒప్పుకోదు, కాబట్టి ఆ తొందర వాళ్లది, మీది కాదు. షీటు చేతికొచ్చాక విస్తీర్ణాల పట్టిక ఫొటో ఇక్కడ పెట్టండి, పేర్లు చెరిపేసి. మామ ఇప్పుడు మా ఇంట్లోనే ఉన్నాడు, చూసి చెప్తానంటున్నాడు.