వైజాగ్ ఫ్లాట్, బ్రోకరు, మన ఎన్నారై మెలిక

"అన్నా, వైజాగ్‌లో ఫ్లాట్ ఖాళీగా పడుంది, అమ్మేద్దామనుకుంటున్నాం. నమ్మకమైన బ్రోకరు ఉన్నాడా?" డాలస్‌లో కొత్తగా దిగిన తమ్ముళ్ళు నన్ను అడిగే మాట ఇది. బ్రోకరు దొరుకుతాడు. పార్టీని తీసుకొచ్చి బేరం కుదర్చడం అతని పని, అది బాగానే చేస్తాడు. పన్ను సంగతి మాత్రం అతన్ని అడక్కండి.

నేను అడిగాను. ఎంవీపీ కాలనీలో మా నాన్న కొన్న ఫ్లాట్ అది. "టీడీఎస్ ఒక్క శాతమే సార్, అందరికీ అంతే" అన్నాడు. టీడీఎస్ అంటే కొనేవాళ్ళు ధరలోంచి ముందే పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను. ఆ ఒక్క శాతం ఇండియాలో ఉండేవాళ్ళు 50 లక్షలు, ఆపైన అమ్మితే. అమ్మేది ఎన్నారై అయితే లెక్కే వేరు. రెండేళ్ళు దాటిన ఆస్తికి 12.5 శాతం, పైన సర్‌చార్జి, సెస్. అదీ లాభం మీద కాదు, మొత్తం ధర మీద పట్టుకుంటారు. 80 లక్షల ఫ్లాట్‌కి 11 లక్షలు దాటిపోతుంది. టీడీఎస్ తక్కువ పట్టుకుంటే కొన్నవాళ్ళ మెడకే చుట్టుకుంటుంది కాబట్టి, మా పార్టీ ఆడిటరు ఈ సంగతి చెప్పగానే వాళ్ళు బెదిరిపోయారు. రిజిస్ట్రేషన్ రెండు నెలలు వెనక్కి పోయింది.

దీనికి మందు ఉంది. అసలు లాభం ఎంతో చూపించి, తక్కువ టీడీఎస్‌కి ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ళ దగ్గర సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు. వారాలు పడుతుంది. అందుకే అగ్రిమెంటులో రిజిస్ట్రేషన్‌కి మూడు నెలల గడువు రాయించుకోండి. సీఏతో ముందే మాట్లాడి, ఆ తర్వాతే బ్రోకరుకి ఫోన్ చేయండి.

ఇక బ్రోకరు. "మీ చేతికి ఎంత రావాలో చెప్పండి సార్, పైది నేను చూసుకుంటా" అంటే ఒప్పుకోకండి. ఆ 'పైది' ఎంతో మీకెప్పటికీ తెలియదు. ఒక శాతమో రెండో, కమిషను ముందే వాట్సాప్‌లో రాతపూర్వకంగా తేల్చుకోండి. ఇద్దరికి మించి చెప్పకండి కూడా. ఒకే ఫ్లాట్ ఐదుగురి నోట ఐదు రేట్లలో వినిపిస్తే, కొనేవాడు మనకి తొందరని పసిగడతాడు. లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకాల దస్తావేజులు), ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు, తనఖాలు చూపే కాగితం), ఇంటి పన్ను రశీదులు జిరాక్సులే ఇవ్వండి, ఒరిజినల్స్ బావగారి బీరువాలోనే ఉండనివ్వండి.

ఫోటోలు తీసే ముందు బాల్కనీ గ్రిల్ చూడమనండి. మాది సముద్రపు గాలికి వేలు తగిలితే పెచ్చులూడేలా తుప్పు పట్టింది. ముప్పై వేలతో గ్రిల్, రంగు బాగుచేయించాం. అంతకుముందు వచ్చిన ప్రతి పార్టీ ఆ గ్రిల్ చూపించి రెండు లక్షలు తగ్గించమనేది! ఆషాఢంలో ఫోన్లు రాకపోతే కంగారుపడకండి, శ్రావణం వస్తే వాళ్ళే వస్తారు.

"కొంత బ్లాక్‌లో ఇస్తాం" అనేవాళ్ళు తగులుతారు. ఆస్తి అమ్మకంలో 20,000, ఆపైన నగదు తీసుకుంటే అంతే మొత్తం పెనాల్టీ పడొచ్చు. పైగా ఆ నోట్లని అమెరికాకి ఎలా తెచ్చుకుంటారు? ఎన్నార్వో ఖాతాలో (ఎన్నారైల ఇండియా రాబడికి ఉండే బ్యాంకు ఖాతా) పడ్డ డబ్బైతే పన్ను కట్టి, సీఏ సర్టిఫికెట్‌తో ఏడాదికి పది లక్షల డాలర్ల దాకా తెచ్చుకోవచ్చు.

మీరు వెళ్ళలేకపోతే పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలి. బ్రోకరుకి కాదు, సొంతవాళ్ళకి, ఆ ఒక్క ఫ్లాట్ అమ్మకానికే. కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపాక, ఇండియా చేరిన మూడు నెలల్లోపు అక్కడ స్టాంపు వేయించాలి. మా బావ ఆ కాగితం సొరుగులో పెట్టి మర్చిపోయి, 80వ రోజున పరిగెత్తాడు.

కమిషను మాత్రం రిజిస్ట్రేషన్ అయ్యాకే, ఆఫీసు మెట్లు దిగాక.