నాన్నకి నచ్చదేమో!

"కొత్త ఇల్లు కడుతున్నాం. గోడలు, ప్లాస్టరింగ్, వైరింగ్ అయిపోయాయి. నేల దగ్గర పని ఆగిపోయి ఏడు నెలలైంది. నాకు తెల్ల మార్బుల్ ఇష్టం. మావారు ముందు విట్రిఫైడ్ టైల్స్ అన్నారు, తర్వాత గ్రానైట్ అన్నారు, ఇప్పుడు ఏదీ అనడం లేదు. నేను ఏ శాంపిల్ తెచ్చినా 'నాన్నకి నచ్చదేమో' అని పక్కన పెట్టేస్తున్నారు. మా మామగారికి 74 ఏళ్ళు. అత్తగారు పోయాక ఆయన పాత ఇల్లు అమ్మేసి ఆ డబ్బు ఈ ఇంటికే ఇచ్చారు. మాతోనే ఉంటున్నారు. చాలా మంచివారు, దేనిలోనూ కలగజేసుకోరు. ఏది అడిగినా 'మీ ఇష్టం అమ్మా' అంటారు. ప్లాన్‌లో ఆయన గది కిందే ఉండేది. మావారు ఇంటి నుంచే పనిచేస్తారు కాబట్టి దాన్ని ఆఫీసు గది చేసి, ఆయనకి పైన గది ఇచ్చాం. దానికీ సరే అన్నారు. ఒకసారి తీసుకెళ్ళి ఇల్లు చూపిస్తే, అంతా తిరిగి చూసి 'నేల చల్లగా ఉంటుందా?' అని మాత్రం అడిగారు. మేస్త్రీ ఇంక ఆగలేనంటున్నాడు. మార్బుల్ మంచిదా, టైల్స్ మంచివా? మావారితో పని లేకుండా నేనే ఎంచేసి వేయించేస్తే తప్పా?"

మీరడిగినదానికి ముందే చెప్పేస్తానమ్మా, మళ్ళీ దాని జోలికి రాను.

మార్బుల్ అందమైన రాయి. కాకపోతే అది కాల్షియం కార్బొనేట్. పులుపు ఏది ఒలికినా ఆ చోట మెరుపు పోయి మచ్చ పడుతుంది. పైన సీలర్ పూస్తే మరక ఇంకడం ఆలస్యమవుతుంది గానీ, పులుపు కొరికిన మచ్చని సీలర్ ఆపలేదు. గ్రానైట్‌కి ఆ బాధ లేదు. విట్రిఫైడ్ టైల్ తన బరువులో 0.5 శాతానికి మించి నీరు పీల్చదు, అందుకే మరకలు పట్టవు. హాల్లో మార్బుల్ వేసుకోండి, వంటింట్లో మానేయండి. టైల్స్ కొంటే 10 శాతం ఎక్కువ కొని, పెట్టెలన్నిటి మీదా బ్యాచ్ నంబరు ఒకటే ఉందో లేదో చూసుకోండి. రేపు ఒకటి పగిలితే అదే రంగు మళ్ళీ దొరకదు. మూడింట్లో ఏది వేసినా ఇల్లు బాగానే ఉంటుంది.

ఇక ఇది చెప్పండి. రాయి కోసం ఎవరైనా ఏడు నెలలు ఆగుతారా?

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి మీ ఆయన నాన్చుడు మనిషి అనిపించింది. రెండోసారి ఆ "నాన్నకి నచ్చదేమో" దగ్గర ఆగిపోయాను. ఆయన ఆ మాట మీతో ఏడు నెలలుగా అంటున్నారు. నాన్నతో ఒక్కసారైనా అన్నారా? ఒకే ఇంట్లో ఉంటున్నారు కదా, లేచి అవతలి గదిలోకి వెళ్ళి "నాన్నా, ఇది నచ్చిందా?" అని అడగడానికి ఎంతసేపు? అడగరు. ఎందుకంటే ఆ ప్రశ్న వెనకాలే ఇంకో ప్రశ్న ఉంది. "పాత ఇల్లు అమ్మించినందుకు నామీద కోపమా?" దాని వెనకాల మరొకటి. "కింద గది తీసేసుకున్నందుకు బాధపడ్డావా?" టైల్ ముక్క పట్టుకుని వెళ్తే ఈ రెండూ బయటికి వస్తాయని మీ ఆయనకి భయం. అందుకని ముక్కనే వెనక్కి పంపేస్తున్నారు.

మీ ఇంట్లో తేలనిది నేల కాదు, తండ్రీకొడుకుల లెక్క. అత్తగారు ఉన్నన్నాళ్ళూ ఆ ఇద్దరి మధ్యా మాటలు ఆవిడ నోటి మీదుగా నడిచి ఉంటాయి. చాలా ఇళ్ళల్లో అంతే. తండ్రి అన్నది తల్లి కొడుక్కి చెబుతుంది, కొడుకు అన్నది తల్లి తండ్రికి చెబుతుంది, ఇద్దరూ ఒకే కంచం ముందు కూర్చుని వాతావరణం గురించి మాట్లాడుకుంటారు. ఆవిడ పోయాక ఆ ఉద్యోగం ఖాళీ అయింది. అందులో మిమ్మల్ని కూర్చోబెట్టారు. మీరు శాంపిల్స్ మోసుకొచ్చే మనిషి అనుకుంటున్నారు, మీరు మోస్తున్నది వేరే.

కొంచెం కఠినంగానే అంటాను, ఏమీ అనుకోకండి. పెద్దవాళ్ళ సొమ్ము తీసుకుని వాళ్ళ మాట తీసుకోకపోవడం నాకు సహించదు. డబ్బిచ్చారు కాబట్టి ఆయన చెప్పిందే జరగాలని నేననను. అప్పిచ్చినవాడి పెత్తనం వేరు, ఇంటి మనిషి మాట వేరు. ఆయన తన భార్యతో కాపురం చేసిన ఇల్లు అమ్మి ఇచ్చారు. దానికి బదులుగా మేడ మీద ఒక గది దొరికింది. అది కూడా అడిగి ఇచ్చింది కాదు, సర్ది ఇచ్చింది.

"దానికీ సరే అన్నారు" అని రాశారు. ఆ 'కీ' చూశారా? మీకూ తెలుసు.

'మీ ఇష్టం' అన్న మాటకి మన ఇళ్ళల్లో అర్థాలు చాలా. నిజంగానే పట్టింపు లేక అనేది ఒకటి. అడిగిన తీరు నచ్చక అనేది ఒకటి. ముందే నిర్ణయించేసుకుని మాట వరసకి అడుగుతున్నారని తెలిసిపోయి అనేది ఒకటి. తాను ఇప్పుడు ఒకరి ఇంట్లో ఉన్నానని మనసులో నిశ్చయించుకున్న మనిషి అనేది ఇంకొకటి. ఆఖరిదే ఎక్కువ మెత్తగా వినిపిస్తుంది. అలాంటి మెతకదనాన్ని మీరు మంచితనం కింద జమ వేసుకున్నారు.

ఆయన అడిగింది ఒకే ఒక్క ప్రశ్న. నేల చల్లగా ఉంటుందా అని. దానికి మీరేం జవాబు చెప్పారో ఉత్తరంలో లేదు. చెప్పి ఉండరనే నా అనుమానం. జవాబు తేలికే. మార్బుల్, గ్రానైట్, టైల్ మూడూ కాలి వేడిని త్వరగా లాగేస్తాయి కాబట్టి చల్లగానే తగులుతాయి. చెక్క నేల అలా లాగదు, వెచ్చగా ఉంటుంది. ఈ ముక్క చెప్పడానికి ఏ ఆర్కిటెక్టూ అక్కర్లేదు. ఆ ముసలాయన మీ కొత్త ఇంట్లో తన కాళ్ళు ఎక్కడ పెట్టాలో ఊహించుకుంటూ అడిగారు. మీరిద్దరూ ఆ సమయంలో మెరుపు చూస్తున్నారు.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. మొదటిది మీరు చేయకూడనిది. మామగారి దగ్గరికి మీరు వెళ్ళకండి. నా మాట విని ఇవాళ సాయంత్రమే కాఫీ కప్పుతో వెళ్ళి మీరే అడిగేస్తారని తెలుసు, అందుకే ముందుగా అంటున్నాను. మీరు అడిగితే మళ్ళీ "మీ ఇష్టం అమ్మా" అంటారు, మీ ఆయన మళ్ళీ తప్పించుకుంటారు. అడగాల్సింది కొడుకు. మీరు లేనప్పుడు అడగాలి. వాళ్ళిద్దర్నీ ఆ ఖాళీ ఇంటికి పంపండి, మీరు ఏదో పని పెట్టుకుని ఆగిపోండి. వెళ్ళనని మీ ఆయన మొరాయిస్తే ఒకే మాట చెప్పండి: "మీ నాన్నగారికి నచ్చుతుందో లేదో మీరు తెలుసుకుని వచ్చేదాకా నేను ఇంకో శాంపిల్ తేను." తర్వాత నిజంగానే తేకండి. మేస్త్రీ గొడవ చేస్తే మీ ఆయన ఫోన్ నంబరు ఇవ్వండి.

ఏం అడగాలో కూడా చెప్పి పంపండి. "ఏం కావాలి నాన్నా?" అంటే ఏమీ వద్దంటారు. ఆ వయసు వాళ్ళకి అంత పెద్ద ప్రశ్న వేస్తే, ఏదైనా అడిగితే భారమవుతామేమోనని వెనక్కి తగ్గుతారు. చిన్న ప్రశ్నలు వేయాలి, కాదనడానికి వీల్లేనివి. స్నానాల గదిలో కమోడ్ పక్కన పట్టుకునే కడ్డీ కుడివైపు పెట్టించనా, ఎడమవైపా? రాత్రి లేస్తే లైటు స్విచ్ మంచం మీంచి అందాలా, తలుపు దగ్గరుంటే చాలా? కిటికీ కింద కుర్చీ వేస్తే ఎటు తిరిగి కూర్చుంటారు? ఇలా మూడు ప్రశ్నలకి జవాబు చెప్పిన మనిషి నాలుగోది తానే చెబుతారు. ఆ నాలుగోదే మనకి కావలసింది.

ఆ కడ్డీ అన్నది ఊరికే అనలేదు. మీరు మార్బుల్ మీద పెట్టిన ఆలోచనలో పదో వంతు ఆయన స్నానాల గది మీద పెట్టినట్టు ఉత్తరంలో ఎక్కడా లేదు. అక్కడ నున్నటి టైల్ వేయకండి. జారుడుకి 'ఆర్' రేటింగ్ ఉంటుంది, ఆర్9 నుంచి ఆర్13 దాకా. ఆర్9 అంటే అన్నిటికన్నా తక్కువ పట్టు. తడిసే గదికి కనీసం ఆర్10 అడగండి. చెప్పుల్లేని తడి కాళ్ళకి ఏ, బీ, సీ అని వేరే పరీక్ష ఉంది, స్నానం చేసే చోటికి బీ ఉండాలి. లోపలికి దిగే మెట్టు పెట్టించకండి. నేల అంతా ఒకే మట్టంలో ఉంచి, మీటరుకి ఒకటి రెండు సెంటీమీటర్ల వాలు ఇస్తే నీళ్ళు వాటంతటవే పోతాయి. కడ్డీలు నేల నుంచి 33 నుంచి 36 అంగుళాల ఎత్తులో, టైల్‌కి కాకుండా గోడకి దిగేలా బిగించాలి. ఇవన్నీ టైల్స్ అంటించకముందే తేల్చుకోవాల్సినవి. తర్వాత అయితే పగలగొట్టాలి. తలుపు తీస్తే 32 అంగుళాల ఖాళీ ఉందో లేదో ఇప్పుడే టేపు పెట్టి చూడండి. ఆయనకే కాదు, అందరికీ ఒక రోజు అవసరం పడుతుంది. నాకు పడింది. కాలు విరిగి మూడు నెలలు, మా ఇంట్లో నేనే ముచ్చటపడి పెట్టించుకున్న సన్నటి తలుపుని తిట్టుకుంటూ గడిపాను.

వెలుతురు ఇంకొకటి. అరవై ఏళ్ళ కంటి లోపలికి చేరే వెలుతురు, ఇరవై ఏళ్ళ కంటికి చేరేదానిలో సుమారు మూడో వంతు. డెబ్భై దాటితే ఇంకా తక్కువ. తెల్ల నేల, తెల్ల గోడ, తెల్ల కమోడ్ మీకు శుభ్రంగా కనిపిస్తాయి, ఆయనకి ఏది ఎక్కడ మొదలవుతుందో తెలియదు. గోడకీ నేలకీ రంగు తేడా పెట్టండి, మెట్ల అంచుకి ముదురు పట్టీ వేయించండి. మెరిసే రాయి మీద లైటు పడి కళ్ళు చెదురుతాయన్నది కూడా మీ మార్బుల్ లెక్కలో వేసుకోండి.

మెట్లు అన్నాను కదా, అసలు విషయం అక్కడే ఉంది. ఆ కింద గది. మీ ఆయన ఆఫీసు మేడ మీద ఎందుకు ఉండకూడదో నాకు అర్థం కాలేదు. కంప్యూటర్‌కి మోకాళ్ళుండవు. వైరింగ్ అయిపోయిందంటారు, రెండు ప్లగ్గులు మార్చుకోవడం పెద్ద పనేం కాదు. కానీ ఈ మాట మీరనకూడదు. నేనన్నానని కూడా అనొద్దు. ఆ గదిలో తండ్రి పక్కన నిలబడినప్పుడు కొడుక్కి తానే తోచాలి. ఆయనకి తోచకపోతే, "పైకి ఎక్కగలవా నాన్నా?" అని మెట్ల దగ్గర ఒకసారి అడిగితే చాలు. ఎక్కి చూపించమనండి. ఒకసారి ఎక్కితే చాలదు, రెండోసారి కూడా ఎక్కమనండి.

మామగారు నిజంగానే పై గదే కావాలంటే? కావాలనే అనొచ్చు. పైన గాలి బాగుంటుందని, ఒంటరిగా ఉండొచ్చని, కొడుకు ఫోన్ల గోల వినబడదని. అప్పుడు అదే ఇవ్వండి, మెట్లకి రెండు వైపులా చేతికి అందే కడ్డీలు పెట్టించి. ఆయన నోటి నుంచి వచ్చిన పై గదికీ, మీరు సర్దిన పై గదికీ మధ్య ఎంత దూరమో మీకు నేను చెప్పక్కర్లేదు.

మీ గురించి కూడా ఒక మాట. 'నేనే ఎంచేసి వేయించేస్తే తప్పా' అన్నారు. తప్పేం లేదు, కానీ వేయించకండి. వేయిస్తే ఆ నేల ఎప్పటికీ 'నువ్వు వేయించిన నేల' అయి కూర్చుంటుంది. ఎవరు జారినా, ఎక్కడ మరక పడినా మీ మెడకే. ఏడు నెలలు ఓపిక పట్టి ఆఖరికి ఆ నింద కొనుక్కోవడం దేనికి?

అయితే వంటిల్లు మాత్రం ఎవరినీ అడక్కండి. అక్కడ నిలబడేది మీరే అయితే ఆ గట్టు ఎత్తు మీ మోచేతిని బట్టి ఉండాలి. మోచెయ్యి మడిచి, దానికి 10 నుంచి 15 సెంటీమీటర్లు కింద గీత గీయించండి. మేస్త్రీ అందరికీ ఇంతే పెడతాం అంటాడు. అందరూ వచ్చి వండరని చెప్పండి. గట్టు రంగు మీద మీ ఆయనకి అభిప్రాయం ఉంటే వినండి, నచ్చితే పెట్టుకోండి, లేకపోతే లేదు. ఒక ఇంట్లో అందరినీ అడిగి చేసేవి కొన్ని ఉంటాయి, అడక్కుండా చేసుకునేవి కొన్ని ఉంటాయి. మీరు ఇన్నాళ్ళూ ఆ రెండూ తారుమారు చేశారు. నేల విషయంలో ఒక్కరే తేల్చేద్దామనుకున్నారు, మీ గట్టు విషయం ఉత్తరంలో ఎత్తనే లేదు.

వాళ్ళిద్దరూ వెళ్ళే రోజున మీ మార్బుల్ పలక, ఒక టైల్, ఒక గ్రానైట్ ముక్క ఆ ఇంట్లో కింద గదిలో నేల మీద పరిచి ఉంచండి. పక్కన రెండు కుర్చీలు వేయించండి, ఒకటి కాదు, రెండు. మామగారిని చెప్పులు విప్పి ఆ మూడు ముక్కల మీద నిలబడమనమని మీ ఆయనకి చెప్పండి. మీరు ఇంట్లోనే ఉండండి, ఫోన్ చేయకండి. వాళ్ళు ఆలస్యంగా వస్తే భోజనం వేడి చేసి పెట్టండి, ఏ రాయి ఎంచారని ఆ రాత్రికి అడక్కండి.

మేస్త్రీని వచ్చే వారం రమ్మని చెప్పండి.