తెలిసిన మాటల దగ్గరే ఆగు

చిరంజీవి మేనకోడలికి,

అత్తయ్య ఆశీస్సులు. నువ్వు పంపిన ప్రశ్నల జాబితా అందింది. ఇంగ్లండులోని లీడ్స్ చేరి నెల కాకముందే ఇన్ని ఇంగ్లీషు మాటలు ఏరిపెట్టావంటే, వార్డులో రోగులు చెప్పేది ఎంత శ్రద్ధగా వింటున్నావో తెలుస్తోంది. చాలా సంతోషం తల్లీ. జాబితా మొత్తం చదివాక నాకు ఒక సంగతి తట్టింది. అందులో ఉన్నవన్నీ నీకు తెలియని మాటలే. తెలియని మాట దగ్గర ఎలాగూ ఆగి అడుగుతావు. నా దిగులంతా నీకు తెలుసనుకున్న మాటల గురించే. వాటి దగ్గర ఎవరూ ఆగరు.

సిస్టర్ అనే మాటే తీసుకో. మన ఆసుపత్రుల్లో నర్సులందరూ సిస్టర్లే. అక్కడ అది ఒక హోదా, వార్డును నడిపే సీనియర్ నర్సుకు మాత్రమే చెందుతుంది. నిన్న సర్జరీకి వెళ్ళానని రోగి అంటే ఆపరేషన్ జరిగిందని రాసేయకు. వాళ్ళ ఇంటి దగ్గరి డాక్టరు కూర్చునే క్లినిక్కును కూడా సర్జరీ అనే అంటారు. ఇక డిన్నర్. ఇంగ్లండు ఉత్తరాదిలో చాలామందికి అది మధ్యాహ్న భోజనం, సాయంత్రం తినేదాన్ని టీ అంటారు. డిన్నర్ అయ్యాక మాత్ర వేసుకున్నానని ఒక పెద్దాయన చెబితే ఎన్ని గంటలకో అడిగి రాసుకో. ఇది భాష కోసం చెప్పడం లేదు, మందు మోతాదు కోసం చెబుతున్నాను.

మన ఇళ్ళలో రోజూ వాడే బీపీ, షుగర్, గ్యాస్ మరీ జాగ్రత్త. నాకు బీపీ ఉందని ఇంగ్లీషులో చెబితే ఏమీ చెప్పనట్టే. బతికున్న ప్రతి మనిషికీ రక్తపోటు ఉంటుంది కదా. ఎక్కువగా ఉందని చెప్పాలంటే ముందు హై అనే మాట చేర్చాలి. షుగర్ వ్యాధిని డయాబెటిస్ అనే చెప్పు. కడుపులో గ్యాస్‌ను అక్కడివాళ్ళు ఎక్కువగా విండ్ అంటారు. విరేచనం అయిందా అని అడగాలంటే మోషన్ అనే మాట వదిలి, అక్కడి నర్సులు బవెల్స్ అనే మాటతో ఎలా అడుగుతున్నారో విని, ఆ వాక్యాన్నే పట్టుకో.

వీటిని తప్పుడు ఇంగ్లీషు అని ఎవరైనా చిన్నచూపు చూస్తే ఒప్పుకోకు. ఇవి తెలుగులోకి వచ్చి తెలుగు మాటలైపోయాయి, మన మధ్య చక్కగా పనిచేస్తున్నాయి. మన డ్రైవర్లు అదనపు చక్రాన్ని స్టెప్నీ అంటారు కదా, ఆ పేరు వేల్స్‌లోని లనెల్లి అనే ఊళ్ళో ఉన్న స్టెప్నీ వీధి నుంచి వచ్చింది. 1904లో అక్కడే ఆ చక్రం తయారైంది. ఈ రోజు ఇంగ్లండులో ఆ మాట అంటే చాలామందికి అర్థం కాదు. మన లారీ షెడ్డుల్లో అది ఇంకా బతికే ఉంది. కవరు, కరెంటు, పెట్రోల్ బంకు కూడా అటువంటివే. ఇంట్లో హాయిగా వాడుకో, విమానం ఎక్కేటప్పుడు మాత్రం వెంట తీసుకెళ్ళకు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక శిక్షణ తరగతిలో ఇంగ్లండు నుంచి వచ్చిన ఉపాధ్యాయురాలు పాఠం చెప్పారు. పాఠం అయ్యాక లేచి, మీరు చెప్పినదాని మీద నాకు ఒక డౌట్ ఉందన్నాను. నా ఉద్దేశం ఒక ప్రశ్న అడగాలని. ఆవిడకు మాత్రం మీ మాట నేను నమ్మడం లేదన్నట్టు వినిపించింది. ముఖం చిన్నబోయింది. మా ఇద్దరి మధ్య జరిగింది ఏమిటో మూడో రోజుకు గానీ నాకు తెలియలేదు. వెళ్ళి చెప్పుకున్నాను, ఆవిడ నా చేయి పట్టుకున్నారు. నువ్వు ఆ మాట అనే ప్రతిచోటా క్వశ్చన్ అను.

ఇప్పుడు నొప్పి సంగతి. నొప్పి అంటే పెయిన్ అని నీ నోటు పుస్తకంలో ఒక్క ముక్కలో రాసుకున్నావు. అది కొట్టేయి. తల, పన్ను, చెవి, వీపు, కడుపు, వీటి ఇంగ్లీషు పేర్ల వెనుక ఏక్ చేరుతుంది, తలనొప్పి హెడేక్ అయినట్టు. గొంతుకు సోర్ అనాలి. ఛాతీకి, మోకాలికి పెయిన్. ఎందుకని అడిగితే వాడుక అనే చెప్పాలి. మన భాషలో మాత్రం? చెవికి పోటు వస్తుంది, మెడ పట్టేస్తుంది, కాళ్ళు పీకుతాయి, గోరుచుట్టు సలుపుతుంది. ఎవరూ నేర్పకుండానే మీ అమ్మమ్మ నోట విని ఇవన్నీ నేర్చుకున్నావు. ఆ సంపదనే ఇప్పుడు వాడుకో. సలుపుకు త్రాబింగ్, మంటకు బర్నింగ్, కత్తితో పొడిచినట్టుండే పోటుకు స్టాబింగ్, పట్టేయడానికి స్టిఫ్. కాళ్ళు పీకడం డల్ ఏక్‌కు దగ్గర. తిమ్మిరి దగ్గర మాత్రం నిదానించు. సూదులు గుచ్చినట్టుంటే పిన్స్ అండ్ నీడిల్స్, స్పర్శే తెలియకపోతే నమ్. రెండూ వేర్వేరు లక్షణాలు, ఒకటి అనుకుని రెండోది రాస్తే డాక్టరు ఆలోచన దారి తప్పుతుంది. రోగి ఒంటి బాధను ముందు తెలుగులో ఊహించుకో, ఆ తరువాతే ఇంగ్లీషు మాట వెతుకు. నొప్పి, పెయిన్ అనే రెండు మాటల జత మాత్రం నీకు ఏ సహాయమూ చేయదు.

నిఘంటువు గురించి అడిగావు. ఇంగ్లీషు నుంచి తెలుగుకు ఉన్నవి మంచివే, కానీ నీ అవసరానికి నేర్చుకునేవారి కోసం రాసిన ఇంగ్లీషు నిఘంటువు కావాలి. హార్న్‌బీ అనే ఉపాధ్యాయుడు జపానులో పాఠాలు చెబుతూ, అక్కడి విద్యార్థుల ఇబ్బందులు చూసి అటువంటిది తయారుచేశారు. 1942లో టోక్యోలో అచ్చయింది. 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు దాన్ని మళ్ళీ వేశారు. దాని కొత్త కూర్పులు ఇప్పటికీ వస్తున్నాయి. అర్థం చూసి పుస్తకం మూసేయకు, కింద ఇచ్చిన ఉదాహరణ వాక్యం పైకి చదువు. నోటు పుస్తకంలో కూడా విడి మాట రాయకు. విన్న వాక్యం, అన్నవారి వయసు, అప్పటి సందర్భం రాయి. రోగుల పేర్లు మాత్రం అందులో ఉండకూడదు.

నీ జాబితాలో మిగిలినవాటికి జవాబులు. పూర్లీ అంటే ఒంట్లో బాగాలేదని, పేదరికంతో సంబంధం లేదు. ముసలావిడ స్పెండ్ ఎ పెన్నీ అందంటే వెంటనే బాత్రూముకు తీసుకెళ్ళు. ఒకప్పుడు అక్కడి బహిరంగ మరుగుదొడ్ల తలుపు ఒక పెన్నీ నాణెం వేస్తే తెరుచుకునేది. ఎదురుపడినవారు ఆల్‌రైట్ అని అడిగితే అది పలకరింపు, నువ్వూ అదే మాట నవ్వుతూ తిరిగి అను. అర్థం కాని చోట తల ఊపి ఊరుకోకు. మీరు ఏ అర్థంలో అన్నారో కాస్త చెప్పండి అని అడుగు.

నొప్పి గురించి నీ వార్డులో వినిపించిన మాటలు ఈ వారం ఒక పదిహేను రాసి పంపు, పూర్తి వాక్యాలతో. వాటి పక్కన మన మాటలు నేను రాసి తిరిగి పంపిస్తాను. పీకడానికి డల్ ఏక్ కంటే దగ్గరి మాట దొరుకుతుందేమో చూడాలని నాకూ ఉంది.

ఇట్లు,
మీ అత్తయ్య