గవర్నరు వేరు, ఏలిక వేరు

సందేహం: మా అమ్మాయి స్విట్జర్లాండ్‌లో ఉంటోంది. అక్కడికి వెళ్లినప్పుడు నూషాటెల్ ఊళ్లో కొండ మీది కోట చూశాను. 18వ శతాబ్దంలో ఆ చిన్న రాజ్యానికి గవర్నరుగా ఉన్న జార్జ్ కీత్ గురించి చదివి, ఆయన జీవితం మీద తెలుగులో ఒక వ్యాసం మొదలుపెట్టాను. మొదటి వాక్యం ఇలా రాశాను: ‘దేశభ్రష్టుడైన మార్షల్ కీత్ దొర 1754లో ప్రష్యాకు చెందిన నూషాటెల్ యువరాజ్యానికి సంస్థానాధీశుడిగా నియమితుడయ్యాడు.’ మావారు చదివి ‘యువరాజ్యం అంటే ఏంటి?’ అన్నారు. నాకూ అనుమానం వచ్చింది. ఈ మాటలు సరైనవేనా? కీత్‌ను ‘ఆయన’ అనాలా, ‘అతను’ అనాలా?
— ఒక పాఠకురాలు, భీమవరం

సమాధానం: అమ్మా, మీవారు సరైన చోటే వేలు పెట్టారు. ఆ వాక్యంలో అన్నిటికన్నా ముందు తీసెయ్యాల్సిన మాట ‘యువరాజ్యం’. ప్రిన్స్ అనగానే మనకు యువరాజు గుర్తొస్తాడు. చిన్నప్పటి నుంచి కథల్లో చదివిన ప్రిన్స్ ఎప్పుడూ రాజుగారి కొడుకే కదా. కానీ ఆ మాటకు మూలం లాటిన్‌లోని ‘ప్రిన్కెప్స్’. అందరిలో మొదటివాడు అని దాని అర్థం. అందులో కొడుకు అన్న భావమే లేదు. యూరప్‌లో తన చిన్న రాజ్యాన్ని తానే ఏలుకునేవాడికి కూడా ప్రిన్స్ అనే బిరుదు ఉంటుంది. మొనాకోను, లీక్టెన్‌స్టైన్‌ను ఈనాటికీ అలాంటి ప్రిన్సులే ఏలుతున్నారు. అలాంటివాడి రాజ్యం ప్రిన్సిపాలిటీ.

నూషాటెల్ విషయంలో ఈ తేడా మరీ ముఖ్యం. 1707లో దాని ఏలిక మరీ ద నెమూర్ వారసులు లేకుండా చనిపోయింది. రాజ్యం మాదంటే మాదని చాలామంది హక్కుదార్లు వచ్చారు. అక్కడి న్యాయసభ అందరి వాదనలూ విని, చివరికి జర్మన్ రాజ్యమైన ప్రష్యాను ఏలే మొదటి ఫ్రెడరిక్‌ను ఒప్పుకుంది. కీత్‌ను గవర్నరుగా వేసిన రెండో ఫ్రెడరిక్, అంటే చరిత్రలో ఫ్రెడరిక్ ది గ్రేట్ అని పేరు పడ్డవాడు, ఆయన మనవడే. ఈయన బెర్లిన్‌లో రాజు, నూషాటెల్‌లో ప్రిన్స్. మనిషి ఒకడే, రాజ్యాలు రెండు. నూషాటెల్ ప్రష్యాలో భాగం కాదు. అందుకని ‘ప్రష్యాకు చెందిన’ అన్నది కూడా సరిపోదు. ‘ప్రష్యా రాజు ఏలుబడిలో ఉన్న’ అనండి. ఏలుబడి మంచి తెలుగు మాట, ఇక్కడ అతికినట్టు సరిపోతుంది.

మరి ప్రిన్సిపాలిటీకి ఏ మాట వాడాలి? నేనైతే ‘సంస్థానం’ అనే రాస్తాను, కానీ ఒక జాగ్రత్తతో. సంస్థానం అనగానే తెలుగువాడికి గద్వాల, వనపర్తి, వెంకటగిరి, విజయనగరం కళ్ల ముందు మెదులుతాయి. విద్వద్గద్వాల అన్న పేరు ఊరికే రాలేదు. ఆ మాట వినగానే పండితులు, అవధానాలు, సన్మానాలు గుర్తొస్తాయి. దాంతోపాటు ఇంకో భావం కూడా అందులో ఉంది. మన సంస్థానాలకు పైన ఒక పెద్ద ప్రభుత్వం ఉండేది. గద్వాల నైజాముకు కప్పం కట్టేది. నూషాటెల్ అలా ఎవరికీ కప్పం కట్టే రాజ్యం కాదు. ఇంకో తేడా కూడా ఉంది. మన సంస్థానంలో రాజావారు ఆ కోటలోనే ఉండేవారు. నూషాటెల్ ప్రిన్స్ ఎక్కడో బెర్లిన్‌లో, పోట్స్‌డామ్‌లో ఉండేవాడు. కొండ మీది కోటలో ఆయన బదులు గవర్నరు ఉండేవాడు. ఈ రెండు సంగతులూ ఒక్క వాక్యంలో చెప్పేస్తే, సంస్థానం అన్న మాట వాడటంలో తప్పేమీ లేదు.

కానీ ‘సంస్థానాధీశుడు’ మాత్రం కుదరదు. అధీశుడంటే తన హక్కుతో ఏలేవాడు. వెంకటగిరి రాజాను సంస్థానాధీశుడు అంటాం, ఆయన దివానును అనం. కీత్‌కు ఆ పదవి పుట్టుకతో రాలేదు. ఫ్రెడరిక్ ఇచ్చాడు, కావాలంటే తీసెయ్యగలడు. మధ్యలో 1759లో ఆయన్నే స్పెయిన్‌కు రాయబారిగా పంపాడు కూడా. మండలేశ్వరుడు, అమరనాయకుడు లాంటి పాత మాటలకు కూడా ఆశపడకండి. వినడానికి బాగుంటాయి గానీ, అవి చేతిలో భూమి, సైన్యం ఉన్న సామంతుల పేర్లు. గవర్నరు అనే మాట ఇవాళ ఏ పల్లెలోనైనా తెలిసినదే. ప్రభువు తరఫున కూర్చున్నవాడు అన్న భావం మన గవర్నరు పదవిలోనూ ఉంది. దాన్ని మార్చాల్సిన పని లేదు. ఆ మాట కూడా లాటిన్‌లో ఓడ చుక్కాని పట్టేవాడి పేరు నుంచి వచ్చిందే. ఓడ యజమానిది, చుక్కాని మాత్రం వీడి చేతిలో. కీత్ పరిస్థితి సరిగ్గా అదే.

ఇక ‘మార్షల్ కీత్ దొర’. ఇక్కడ మీరు తెలియకుండానే ఒక మనిషిని ఇంకో మనిషిగా మార్చేశారు. జార్జ్ కీత్ స్కాట్లాండ్‌లో పదో ఎర్ల్ మారిషల్. రాతలో మారిషల్ అని ఉన్నా, పలకడం మార్షల్ అనే. అది ఆ వంశానికి తరతరాలుగా వస్తున్న కొలువు. స్కాట్లాండ్ రాజకిరీటాన్ని, రాజచిహ్నాలను కాపాడటం వాళ్ల బాధ్యత. ఆయన తమ్ముడు జేమ్స్ కీత్ మాత్రం ప్రష్యా సైన్యంలో ఫీల్డ్ మార్షల్. 1758లో హోక్‌కిర్క్ యుద్ధంలో చనిపోయాడు. చరిత్ర తెలిసినవాళ్లు ‘మార్షల్ కీత్’ అని చదవగానే ఈ తమ్ముణ్నే అనుకుంటారు. అన్నగారిది పుట్టుకతో వచ్చిన పేరు, తమ్ముడిది సైన్యంలో సంపాదించుకున్న హోదా. కాబట్టి జార్జ్‌ను రాసిన ప్రతిచోటా ‘ఎర్ల్ మారిషల్’ అని పూర్తిగా రాయండి.

నాకెంతో ఇష్టమైన సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. మార్షల్ అనే మాట పాత జర్మానిక్ భాషలో గుర్రం, సేవకుడు అనే రెండు మాటలు కలిసి పుట్టింది. అంటే మొదట్లో గుర్రాలు చూసుకునేవాడు. గుర్రపుసాల నుంచి బయల్దేరి రాజ్యంలో పెద్ద కొలువు దాకా ఎదిగిన మాట అది. మన సాహిణి ఎక్కిందీ అలాంటి మెట్లే. కాకతీయుల కాలంలో గుర్రాల మీద, ఏనుగుల మీద అధికారి సాహిణి. గణపతిదేవుడి దగ్గర జాయప గజసాహిణి. మీ వ్యాసంలో ఎర్ల్ మారిషల్ అంటే ఏంటో వివరించాల్సి వస్తే, సాహిణితో పోల్చి ఒక్క వాక్యం రాయండి. చదివేవాళ్లకు వెంటనే పట్టుబడుతుంది.

‘దొర’ను వదిలెయ్యండి. గోదావరి జిల్లావాళ్లకు దొర అంటే కాటన్ దొర. పక్కన కీత్ దొర అని పెడితే, ఆయన కుంపిణీ కొలువులో మన దేశానికి వచ్చాడనిపిస్తుంది. తెలంగాణలో అదే మాటకు గడీ గుర్తొస్తుంది. అరిస్టోక్రాట్ అని చెప్పడానికి నిఘంటువులో ‘కులీనుడు’ దొరుకుతుంది. అది మంచి సంస్కృత మాటే, కానీ ఇవాళ చదివేవాళ్లకు అందులో కులం ఒక్కటే వినిపిస్తుంది. ‘ప్రభువంశీకుడు’ అంటే చాలు.

‘దేశభ్రష్టుడు’ అన్నది నాకు బాధ కలిగించింది. రాజ్యభ్రష్టుడు అన్నప్పుడు భ్రష్టుడంటే పోగొట్టుకున్నవాడే, నిజమే. కానీ విడిగా ఆ మాటకు ఇప్పుడు మిగిలింది నీతి తప్పినవాడు అన్న అర్థం. కీత్ చేసిందేమిటి? 1715లో, సింహాసనం పోగొట్టుకున్న స్టూవర్టు రాజవంశం పక్షాన తిరుగుబాటులో నిలబడ్డాడు. అది ఓడిపోయింది. ఆస్తులు జప్తయ్యాయి. 1719లో స్పెయిన్ సైనికులతో మళ్లీ స్కాట్లాండ్‌లో దిగాడు. గ్లెన్‌షీల్ దగ్గర మళ్లీ ఓటమే. బ్రిటన్ రాజు క్షమాభిక్ష 1759లో గానీ రాలేదు. నలభై ఏళ్లకు పైగా సొంత ఊరి మొహం చూడని మనిషి. ‘ప్రవాసి’ అందామంటే, ఆ మాట ఇప్పుడు మీ అమ్మాయి లాంటివాళ్లది, ఉద్యోగానికి వెళ్లి పండక్కి వచ్చేవాళ్లది. ఇలాంటి చోట ఒక్క మాట కోసం వెతుక్కునే కన్నా ‘పరాయి దేశాల్లో తలదాచుకున్న’ అని విడమరిచి చెప్పడమే మేలు.

ఇక ఆయన, అతను. ఇక్కడ తెలుగు మీకు ఇంగ్లిష్ చెయ్యలేని సాయం చేస్తుంది. మీ వ్యాసంలో తత్వవేత్త రూసో వస్తాడు, రాక తప్పదు. 1762లో పారిస్‌లో తన పుస్తకం మీద నిషేధం పడి, తననూ పట్టుకోబోతుంటే పారిపోయి, నూషాటెల్ సంస్థానంలోని మోతియే అనే పల్లెకు చేరాడు. గవర్నరును మొదటిసారి కలిసిన రోజు గురించి ఆత్మకథలో రాసుకున్నాడు. బక్కచిక్కిన ముసలాయన, సోఫాలో కూర్చుని ఉన్నాడు. కూర్చోమని కూడా అనలేదు. రూసో వెంట వచ్చిన స్థానిక అధికారి బిర్రబిగుసుకుని నిలబడే ఉన్నాడు. రూసోకు మాత్రం ఆ చూపులో ఏదో ఆప్యాయత కనిపించి, తిన్నగా వెళ్లి ఆ సోఫాలోనే కూర్చున్నాడు. తర్వాత్తర్వాత కీత్‌ను తండ్రీ అని పిలిచేవాడు, కీత్ అతన్ని కొడుకుగా చూసుకునేవాడు. ఇంగ్లిష్‌లో ఇద్దరూ ‘హీ’నే. ఎవరు ఎవరి పక్కన కూర్చున్నారో తెలియాలంటే మళ్లీ మళ్లీ పేర్లు చెప్పాలి. తెలుగులో ‘ఆయన కూర్చోమనలేదు, అతను వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాడు’ అంటే సరి. డెబ్బై ఏళ్ల గవర్నరు ఆయన, యాభై ఏళ్ల రూసో అతను. క్రియ ‘ఆయన వచ్చాడు’ అన్నా తప్పు కాదు, మాటల్లో అందరం అంటాం. ‘వచ్చారు’ అని మొదలుపెడితే మాత్రం చివరిదాకా అదే ఉంచండి, మధ్యలో మార్చకండి.

మీరు అడగలేదు గానీ, ముందు ముందు తగలబోయే ఒక చిక్కు చెప్తాను. 1763 ఏప్రిల్‌లో కీత్ రూసోకు నూషాటెల్ ప్రజగా హక్కుపత్రం ఇప్పించాడు. తర్వాతి నెలలోనే రూసో తన జెనీవా పౌరసత్వాన్ని వదులుకున్నాడు. రెండు చోట్లా పౌరసత్వం అనే రాస్తే అసలు సంగతి జారిపోతుంది. జెనీవా గణరాజ్యం, అక్కడివాడు పౌరుడు. పుస్తకాల మీద ‘జెనీవా పౌరుడు’ అని గర్వంగా వేసుకున్న మనిషి రూసో. నూషాటెల్‌కు ఏలిక ఉన్నాడు, అక్కడివాడు ఆ ఏలికకు ప్రజ. పౌరుడు, ప్రజ అన్న రెండు మాటలూ మన దగ్గర ఉన్నాయి. రెంటినీ వేరువేరుగా వాడండి.

మీ మొదటి వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను: ‘తిరుగుబాటులో ఓడి, ఆస్తులు పోయి, పరాయి దేశాల్లో తలదాచుకున్న స్కాట్లాండ్ ప్రభువంశీకుడు, పదో ఎర్ల్ మారిషల్ జార్జ్ కీత్ 1754లో నూషాటెల్‌కు గవర్నరుగా వచ్చాడు. ప్రష్యా రాజు ఫ్రెడరిక్ ఏలుబడిలో ఉన్న చిన్న సంస్థానం అది. ఏలిక ఉండేది బెర్లిన్‌లో. కొండ మీది కోటలో ఉండేది గవర్నరు.’