మూడు స్కోపులు, ఒకటే ఎర్త్

చిట్టితల్లీ,

బెంగళూరు పీణ్యాలో మీ బెంచి మీద మూడు ఆసిలోస్కోపులు (వోల్టేజిని తెర మీద గీతగా చూపే పరికరాలు) కలిపి, మోటారు నడిపే ఇన్వర్టర్‌ని కొలవబోతున్నావని మీ నాన్న నిన్న రాత్రి ఫోన్లో చెప్పాడు. మన ఇంటి పిల్ల ఇంత పనికి పూనుకుందని మనసు నిండిపోయింది. ఆ వెంటనే "415 వోల్టుల త్రీఫేజు నుంచే డీసీ బస్ తీస్తుందట" అన్నాడు. డీసీ బస్ అంటే ఇన్వర్టర్ లోపలి డీసీ సప్లై, అది నేరుగా మెయిన్స్ నుంచే అనేసరికి ఇక నిద్ర పట్టలేదు. మల్లేశ్వరం నుంచి మెట్రో ఎక్కి వచ్చేద్దామనుకున్నాను గానీ, నలుగురి ముందు అత్త వచ్చి పక్కన నిలబడితే నీకు బాగుండదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు లెక్క చూడు. నాలుగు చానెళ్ల (కొలిచే ఇన్‌పుట్ల) స్కోపులు మూడు, అంటే పన్నెండు అనుకుని ఉంటావు. నీకు దక్కేవి తొమ్మిదే. ప్రతి స్కోపులో ఒక చానెల్‌కి ఒకే గుర్తు సిగ్నల్ వెళ్లాలి. అది లేకపోతే మూడు రికార్డుల్ని తర్వాత ఒకదాని మీద ఒకటి పరచడానికి ఆధారమే ఉండదు. ఆరు గేట్లు (ఇన్వర్టర్ స్విచ్‌లని ఆన్ ఆఫ్ చేసే కాళ్లు), రెండు ఫేజు కరెంట్లు, బస్ వోల్టేజి కలిపితే సరిగ్గా తొమ్మిది. మోటారు న్యూట్రల్ ఎక్కడా కలపలేదు కాబట్టి మూడు ఫేజు కరెంట్ల మొత్తం సున్నా. రెండు తెలిస్తే మూడోది లెక్కలో వచ్చేస్తుంది. (మోటారు బాడీ గుండా ఎర్త్‌కి పారే హై ఫ్రీక్వెన్సీ కరెంటు ఆ లెక్కకి అందదు. అది కావాలంటే మూడు వైర్లనీ ఒకే కరెంటు క్లాంపులో (వైరు చుట్టూ పట్టుకుని కరెంటు కొలిచే ప్రోబు) పెట్టి విడిగా చూడు.)

ఒక లెగ్‌లోని (ఒక ఫేజుకి పైనా కిందా ఉన్న స్విచ్‌ల జత) పై గేటు, కింది గేటు తప్పకుండా ఒకే స్కోపులో ఉండాలి. డెడ్ టైమ్ (రెండు స్విచ్‌లూ ఆఫ్‌లో ఉండే చిన్న విరామం) కొలిచేది ఆ రెంటి మధ్యే కదా, స్కోపుల మధ్య తేడా అందులోకి రానివ్వకు. అప్పుడు ఒక్కో స్కోపుకి గుర్తు ఒకటి, గేట్లు రెండు, ఇంకొకటి ఏదైనా, అంతే.

అరగంట వేడెక్కనివ్వు. ప్రోబులు కాంపెన్సేట్ చెయ్యి (చదరపు అల చదరంగానే కనిపించేలా సర్దు). మూడింటికీ ఒకే శాంపిల్ రేటు (సెకనుకి ఎన్నిసార్లు కొలుస్తుందో), ఒకే మెమరీ పెట్టు. నాలుగు చానెళ్లూ ఆన్ చేస్తే చాలా స్కోపుల్లో రేటు సగానికో పావుకో పడిపోతుంది, చూసుకో. ఇవన్నీ నీకు తెలిసినవే.

ఇప్పుడు నా నిద్ర చెడగొట్టిన సంగతి. ఒక్కో స్కోపు విడి డబ్బా, విడి ప్లగ్గు, కాబట్టి దాని గ్రౌండ్ క్లిప్పు దానిదే అనిపిస్తుంది. బాగా చదువుకున్నవాళ్లు కూడా ఇక్కడే మోసపోతారు. మామూలు బెంచి స్కోపులో బీఎన్‌సీ (ప్రోబు తగిలించే గుండ్రటి సాకెట్) బయటి రింగు చాసీకి (లోహపు డబ్బాకి), చాసీ ప్లగ్గులోని ఎర్త్ పిన్నుకి కలిసి ఉంటాయి. మూడు స్కోపుల పన్నెండు క్లిప్పులూ కలిపి ఒకే తీగ. మొదటి స్కోపు క్లిప్పు బస్ నెగెటివ్‌కి, రెండో స్కోపు క్లిప్పు పై ఐజీబీటీ (ఇన్వర్టర్‌లోని స్విచ్) ఎమిటర్‌కి, అంటే మోటారుకి వెళ్లే కాలికి, పెట్టావంటే, రెండు ఎర్త్ తీగలతో కింది ఐజీబీటీని షార్ట్ చేసినట్టే. పై స్విచ్ ఆన్ అయిన క్షణం బస్ కెపాసిటర్లన్నీ ఆ సన్న తీగల్లోంచే ఖాళీ అవుతాయి. ఒక్క క్లిప్పయినా ప్రమాదమే. 415 వోల్టుల్ని రెక్టిఫై చేస్తే శిఖరం దగ్గర 587 వోల్టులు. దాని నెగెటివ్ ఎర్త్ కాదు, ఎర్త్‌కి దిగువన ఊగుతూ ఉంటుంది.

క్లిప్పు తగలగానే ఆర్‌సీసీబీ (ఎర్త్‌కి లీకేజీ కనిపెట్టి సప్లై కోసే స్విచ్) పడిపోతుంది. పాత తప్పు అక్కడే మొదలవుతుంది. స్కోపు ప్లగ్గుకి ఎర్త్ పిన్ను తీసేస్తారు, లేదా టూ పిన్ అడాప్టర్ తగిలిస్తారు. మా రోజుల్లో ల్యాబు సొరుగుల్లో అలాంటి అడాప్టర్లు మామూలు. నేనూ వాడాను. తెర మీద వేవ్‌ఫారమ్ చక్కగా వస్తుంది, అందుకే ఆ అలవాటు అంత గట్టిగా పట్టుకుంటుంది. కానీ అప్పుడు స్కోపు చాసీ నువ్వు క్లిప్పు పెట్టిన చోటి వోల్టేజిలో ఉంటుంది. నాబ్‌లు ప్లాస్టిక్కే, బీఎన్‌సీ రింగులు, వెనక స్క్రూలు, యూఎస్‌బీ మూతి మాత్రం లోహం. కొలత కూడా నిజం కాదు: అంత పెద్ద చాసీకీ భూమికీ మధ్య ఉన్న కెపాసిటెన్స్ క్లిప్పు పెట్టిన చోటి నెత్తిన పడి స్విచింగ్ ఆకారాన్నే మార్చేస్తుంది.

స్కోపులు కలిపినప్పుడు ఇది ఇంకా చెడ్డది, అందుకే ఇంతగా చెబుతున్నాను. ఒకదానికే పిన్ను తీసేశావనుకో, అది ఫ్లోట్ కాదు (ఎర్త్ నుంచి విడిపోదు). గుర్తు సిగ్నల్ కేబుల్ పై జాలీ దాన్ని పక్క స్కోపు ఎర్త్‌కి కలిపేస్తుంది. పోయే కరెంటంతా ఆ జాలీలోంచే పోతుంది. మూడింటికీ తీసేశావా, మూడు డబ్బాలూ, యూఎస్‌బీతో తగిలించిన లాప్‌టాపూ కలిసి లైవ్. నెట్‌వర్క్ పోర్టులో ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, కానీ షీల్డు ఉన్న కేబుల్ వాడితే దాని లోహపు మూతి మళ్లీ కలిపేస్తుంది. మామూలు యూటీపీయే (షీల్డు లేని కేబుల్) వాడు.

"ఇప్పుడెవరు చేస్తారత్తా" అంటావు. మర్నాడు డెమో ఉండి, రాత్రి తొమ్మిది దాటాక చేస్తారమ్మా. నువ్వు చేయకు. ఈ ఒక్క మాట విను.

అధిక వోల్టేజి ఉన్న ప్రతి చోటా డిఫరెన్షియల్ ప్రోబే (ఎర్త్‌తో పని లేకుండా రెండు చోట్ల మధ్య తేడా కొలిచేది). ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ దాని వోల్టేజి పరిమితి తగ్గుతుంది, డేటాషీట్‌లో ఆ గీత చూడు. పై గేట్ల దగ్గర ఎమిటరే 587 వోల్టులు ఎగిరి దూకుతుంది కాబట్టి మామూలు డిఫరెన్షియల్ ప్రోబులో లేని స్పైకులు కనిపిస్తాయి. ఆప్టికల్ ఐసొలేషన్ ఉన్న (సిగ్నల్‌ని కాంతిగా పంపే) ప్రోబు అద్దెకి దొరికినా తెచ్చుకో. ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలంటే ఇన్వర్టర్ సప్లైకి పెట్టు, స్కోపుకి కాదు. మూడు స్కోపులూ లాప్‌టాపూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద ఉండాలి. ఆపేశాక కూడా ఆగు: 1000 మైక్రోఫారడ్‌లకి 47 కిలో ఓమ్‌ల బ్లీడర్ (కెపాసిటర్లని ఖాళీ చేసే రెసిస్టరు) ఉంటే 587 నుంచి 50 వోల్టులకి దిగడానికి రెండు నిమిషాలు పడుతుంది. మీటరుతో చూడకుండా చెయ్యి పెట్టకు.

సరే, ఇక టైమింగు, అంటే స్కోపు రికార్డు పట్టే క్షణాన్ని నిర్ణయించే ట్రిగ్గర్ సంగతి. ఒక స్కోపు ట్రిగ్ అవుట్ నుంచి ఇంకోదాని ఎక్స్‌టర్నల్ ట్రిగ్గర్‌కి గొలుసుగా వేయడం తేలికే. కానీ ప్రతి మెట్టులో ఆలస్యం, జిట్టర్ (ఆ క్షణం అటూ ఇటూ ఊగడం) పోగవుతాయి. గుర్తు సిగ్నల్‌నే మూడింటికీ ట్రిగ్గర్ చెయ్యి. ఆ సిగ్నల్ ఇచ్చే కంట్రోలర్ పిన్నుని డిజిటల్ ఐసొలేటర్ (రెండు వైపుల్నీ విడదీసి సిగ్నల్‌ని మాత్రం దాటించే చిప్) గుండా బయటికి తీసుకో, ఎందుకంటే కంట్రోలర్ గ్రౌండ్ చాలా బోర్డుల్లో బస్ నెగెటివే. ఐసొలేటర్ బయటి వైపు 5 వోల్టుల మీద ఒక 74ఏసీటీ04 (సిగ్నల్‌ని తిరగేసే లాజిక్ గేట్లు ఆరు ఉన్న చిప్, ఐజీబీటీ గేట్లు వేరు) పెట్టు. ఒక గేటు దాటాక మూడు గేట్లని పక్కపక్కన కలిపి, ఒక్కోదాని అవుట్‌పుట్‌కి 150 ఓమ్‌లు. మిగిలిన రెండు ఇన్‌పుట్లు గ్రౌండ్‌కి. సప్లై పిన్ను పక్కనే 0.1 మైక్రోఫారడ్. 50 ఓమ్‌ల కేబుల్ బయలుదేరి ప్రతి స్కోపు దగ్గరా టీ కనెక్టర్ గుండా సాగి, చివరి స్కోపు దగ్గర 50 ఓమ్‌ల టెర్మినేటర్‌తో (కేబుల్ చివర పెట్టే రెసిస్టరు) ముగియాలి. స్కోపు ఇన్‌పుట్లన్నీ 1 మెగా ఓమ్‌లో ఉంచు. లైను మీద 2.5 వోల్టులు వస్తుంది, ట్రిగ్గర్ లెవెల్ 1.25. టెర్మినేటర్ మర్చిపోతే 5 వోల్టులు కనిపిస్తుంది, అలా పట్టుకోవచ్చు. ఆర్‌జీ 58 కేబుల్‌లో మీటరుకి 5 నానోసెకన్లు, ఆ తేడాని డెస్క్యూలో (చానెళ్ల ఆలస్యం సర్దే సెట్టింగు) సరిచెయ్యి.

ఆ పిన్ను ప్రతి పీడబ్ల్యూఎం (స్విచ్‌ల ఆన్ ఆఫ్) సైకిల్‌కీ 1 మైక్రోసెకను పల్సు ఇవ్వాలి. మూడు స్కోపులూ సిద్ధమన్నాక, నీ ఆదేశంతో ఒక్కసారి మాత్రం 5 మైక్రోసెకన్ల పల్సు. ట్రిగ్గర్ పల్స్ విడ్త్‌లో (పల్సు వెడల్పు మీద), 3 మైక్రోసెకన్ల కంటే ఎక్కువ. లేకపోతే ఒక్కో స్కోపు ఒక్కో సైకిల్ మీద ఆగుతుంది. మోడ్ సింగిల్. ఆటోలో ఉంటే పల్సు రాకపోయినా తనంత తనే గీత గీసేస్తుంది, నువ్వు నమ్మేస్తావు.

వెనక 10 మెగాహెర్ట్జ్ రిఫరెన్స్ (గడియారపు) సాకెట్లుంటే ఒకదాని అవుట్ మిగతావాటి ఇన్‌కి. లేకపోతే లెక్కేసుకో: ఒక్కో స్కోపు గడియారం 25 పీపీఎం (పది లక్షల్లో 25 వంతులు) తప్పితే రెంటి మధ్య 50. 20 మిల్లీసెకన్ల రికార్డులో అది 1 మైక్రోసెకను. ఐజీబీటీ డెడ్ టైమంత. అప్పుడు ప్రతి సైకిల్‌కీ పడిన ఆ చిన్న పల్సుల్ని పట్టుకుని కంప్యూటర్‌లో టైము గీతని సాగదీసి సరిచెయ్యి.

ఇన్వర్టర్ తగిలించకముందు ఆ ఒక్క పల్సునే తొమ్మిది ప్రోబులకీ చూపించు. డిఫరెన్షియల్ ప్రోబులు ఎక్కడ ఎంత వెనకబడ్డాయో రాసుకో, వాటిని డెస్క్యూ చెయ్యి. కరెంటు క్లాంపులకి ఆ పల్సు చిన్న రెసిస్టరు గుండా పంపు. క్లాంపు బ్యాండ్‌విడ్త్ (పట్టగల ఫ్రీక్వెన్సీ హద్దు) 100 కిలోహెర్ట్జ్ అయితే దాని రైజ్ టైమే (పల్సు అంచు ఎక్కడానికి పట్టే సమయం) 3.5 మైక్రోసెకన్లు. దాన్ని ఏ డెస్క్యూ బాగుచేయదు, మార్చాల్సిందే.

ఎస్పీ రోడ్డులో కొనే రెడీమేడ్ కేబుళ్ల పొడవు నమ్మకు, టేపు పెట్టి కొలిచాను. ఒక మీటరువి నాలుగు నేనే కట్ చేసి బీఎన్‌సీలు క్రింప్ చేశాను, టీలు మూడు, టెర్మినేటర్ ఒకటి. ఎర్ర టేపు చుట్టింది టెర్మినేటర్ వైపుకి. ఆదివారం మీ నాన్న వస్తే ఇచ్చి పంపుతాను. మొదటిసారి బస్ ఆన్ చేసేటప్పుడు ఇంకొకరు గదిలో, మెయిన్ స్విచ్ పక్కన నిలబడి ఉండాలి. అయ్యాక ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి.

నీ అత్త