టాన్సిల్స్ తీశాక ఆరో రోజు నొప్పి ఎందుకు పెరిగింది?

ప్రశ్న: మా వాడికి పదహారేళ్లు. నెల్లూరులో టాన్సిల్స్ ఆపరేషన్ చేయించి కావలి తీసుకొచ్చాం. మొదట్లో పర్లేదు గానీ ఆరో రోజు నుంచి గొంతు, చెవులు ఒకటే నొప్పి, మంచినీళ్లు కూడా వద్దంటున్నాడు. గొంతులో తెల్లగా ఉంది, చీము పట్టిందేమో అని టెన్షన్‌గా ఉంది. మాత్రలు వేడి చేస్తాయి, ఆపేయమని మా అత్తమ్మ అంటోంది. చిన్నప్పుడు ఇదే ఆపరేషన్ అయితే వాడి చెల్లెలు నాలుగు రోజులకే లేచి ఆడుకుంది మరి!
– ఒక తల్లి, కావలి

జవాబు: మాత్రలు మాత్రం ఆపొద్దమ్మా. ఈ ఆపరేషన్ నొప్పి చిన్నపిల్లల కంటే ఈ వయసు వాళ్లకే ఎక్కువ, పది పద్నాలుగు రోజులు ఉండొచ్చు, కాబట్టి చెల్లెలితో పోల్చి నాటకాలాడుతున్నాడని అనకండి. ఆ తెల్లటిది చీము కాదు, పుండు మానేటప్పుడు కట్టే పొర. వారం అటూ ఇటూగా అది ఊడుతుంది, అప్పుడే నొప్పి మళ్లీ లేస్తుంది. గొంతుకు వెళ్లే నరమే చెవికీ వెళ్తుంది గనక చెవి పోటు కూడా దాంట్లో భాగమే, చుక్కల మందు అక్కర్లేదు.

నొప్పి వచ్చాక వేద్దాంలే అనుకోకుండా టైము ప్రకారం వేయండి, రాత్రి నిద్ర లేపైనా సరే. బరువు 50 కేజీలు దాటితే పారాసిటమాల్ 650 ఆరు గంటలకొకటి, రోజుకు నాలుగుకు మించకూడదు. జలుబు మాత్రల్లోనూ అదే మందు ఉంటుంది, రెండూ కలపొద్దు. ఐబుప్రొఫెన్ ఆపరేషన్ చేసిన డాక్టరు సరేనంటేనే. ఆస్పిరిన్ వద్దే వద్దు. మందుల షాపులో అడిగి ట్రమడాల్, కోడీన్ లాంటి గట్టి నొప్పి మందులు తెచ్చి వేయకండి, ఈ ఆపరేషన్ తర్వాత 18 ఏళ్లలోపు వాళ్లకు కొందరిలో ఊపిరి మందగిస్తుందని కోడీన్‌పై 2013లో, ట్రమడాల్‌పై 2017లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ గట్టిగా హెచ్చరించింది.

మాత్ర వేసిన అరగంటకు తినిపించండి. చల్లారిన రాగి జావ, మెత్తటి పెరుగన్నం, కొబ్బరినీళ్లు, ఐస్‌క్రీమ్ ఏదైనా పర్లేదు, చేపల పులుసు మాత్రం కొన్నాళ్లు ఆగాలి (నెల్లూరు జిల్లాలో ఇది చెప్పడం కష్టమే!). తిండి తగ్గినా ఫర్వాలేదు గానీ నీళ్లు తగ్గకూడదు, గొంతు ఎండితే నొప్పి ఇంకా ఎక్కువవుతుంది. మూత్రం బాగా తగ్గినా, నీళ్లు అసలు దిగకపోయినా సెలైన్ పెట్టించాల్సి రావచ్చు, డాక్టరుకు చూపించండి.

అసలు భయపడాల్సింది రక్తానికి. ఐదు నుంచి పది రోజుల మధ్య రావచ్చు, అంటే మీరిప్పుడు ఆ రోజుల్లోనే ఉన్నారు. ఎర్రటి రక్తం కనిపిస్తే కూర్చోబెట్టి, మింగకుండా ఉమ్మమని చెప్పి, 108కి ఫోన్ చేయండి, నెల్లూరు దాకా వెళ్దామని చూడకుండా ముందు దగ్గర్లోని ఎమర్జెన్సీకి వెళ్లండి. ఈలోపు రోజ్‌మిల్క్ లాంటి ఎర్రటివి తాగించకండి, ఉమ్మిలో ఏది రక్తమో తెలీదు.

కాలేజీకి రెండు వారాలు సెలవు పెట్టించండి. హాస్టల్ అయితే డాక్టరు చూసి సరేనన్నాకే పంపండి.